బి-14 మంచం మీది బంధువు

సోమవారం ఉదయం ఆరున్నరకి, కాఫీ గ్లాసు ఖాళీ అయ్యేలోపు, స్టోర్‌కీపరు గారు తమ వంశ చరిత్ర రాయాలని నిర్ణయించుకున్నారు. మధ్యాహ్నం భోజనాల వేళకి నాలుగు తరాలు పూర్తి చేసి, సాయంత్రం మామూలుగా నడకకి వెళ్లాలన్నది ప్రణాళిక.

ఆయన పెద్దాస్పత్రి మందుల స్టోరులో ముప్ఫై నాలుగేళ్లు పనిచేసి ఏడాది క్రితమే రిటైరయ్యారు. బంధువులకి ఆయన స్టోరు అన్నయ్య, స్టోరు బావ, స్టోరు మావయ్య. కరెంటు పోతే చీకట్లోనే చెయ్యి చాపి అడిగిన సీసా తీసిచ్చేవారు. ఏ మాత్ర ఏ ర్యాకులో ఉందో, ఏ నెలలో వచ్చిందో కళ్లు మూసుకుని చెప్పేవారు. సరుకు విషయంలో ఆయన నోట "తెలియదు" అన్న మాట విన్న మనిషి ఆ ఆస్పత్రిలో లేడు.

అలాంటి మనిషిని మొన్న శనివారం గుండె డాక్టరు మామూలు పరీక్షలు చేస్తూ అడిగాడు. "మీ తాతగారు ఏ వయసులో పోయారండీ? దేనివల్ల?"

"తెలియదండీ."

"నాయనమ్మ గారు?"

"తెలియదు."

డాక్టరు ఆ గడుల్లో గీతలు గీసేసి రక్తపోటు చూడటంలో పడ్డాడు. స్టోర్‌కీపరు గారికి మాత్రం తల కొట్టేసినట్టయింది. తాతగారు కంపౌండరు అని తెలుసు. నాయనమ్మ గురించైతే ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క పాత కాగితంలో "కంపౌండరు గారి భార్య" అని ఉంది, అంతే. ఊరందరి మందులూ ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పగలిగి, తను ఎక్కడి నుంచి వచ్చాడో చెప్పలేకపోవడం ఆయనకి నిజంగానే బాధ కలిగించింది.

చిక్కల్లా ఎక్కడ మొదలుపెట్టాలన్న దగ్గరే వచ్చింది.

"ఇందులో ఆలోచించడానికేముంది?" అన్నారాయన. "ముందు వచ్చింది ముందు పోవాలి. స్టోరులో మొదటి సూత్రం అదే. అందరికంటే పాతవాళ్లని ముందు తీసుకుని, అక్కణ్ణుంచి వరసగా కిందకి దిగాలి."

ఆయన భార్య టైలరు. ముందు గదిలో మిషను దగ్గర కూర్చుని జాకెట్టుకి కాజాలు కుడుతోంది. నోట్లో ఉన్న గుండుసూదులు తీసి పక్కన పెట్టింది. ఆవిడ గుండుసూదులు తీసిందంటే అభిప్రాయం చెప్పబోతోందని అర్థం.

"అందరికంటే పాతవాళ్లెవరో తెలిస్తే కదండీ తీసుకోడానికి? నేను కొలతలు తీసేటప్పుడు ఎదురుగా నిలబడ్డ మనిషిని కొలుస్తాను. లేని మనిషికి టేపు ఎక్కడ పట్టుకోను? మీ దగ్గర మొదలుపెట్టి, తర్వాత మీ అత్తయ్యగారిని అడిగి, అలా వెనక్కి వెళ్లండి."

"అది బట్టల పద్ధతి. ఇది రికార్డుల పని."

అత్తయ్యగారంటే స్టోర్‌కీపరు గారి మేనత్త. ఎనభై ఆరేళ్లు. టెలిఫోను ఎక్స్ఛేంజీలో ముప్ఫై ఏళ్లు ఆపరేటరుగా చేసింది. తండ్రి సొంత తోబుట్టువుల్లో మిగిలింది ఆవిడ ఒక్కతే, వీళ్లింట్లోనే వెనకగదిలో ఉంటుంది. వంశ చరిత్ర మాట చెవిన పడగానే చేతికర్ర పుచ్చుకుని వచ్చేసింది.

"మా అమ్మ ఉందే," అని మొదలుపెట్టింది.

"అత్తా, ఆగు. నీ వంతు రాలేదు," అన్నారాయన, ఎంతో మర్యాదగా. "ముందు ముత్తాతల ర్యాకు. తర్వాత తాతలది. ఆ తర్వాత నాన్న వాళ్ల తరం. అందులో నువ్వు ఆఖరిదానివి. నీ కార్డు చివర్లో ఉంది."

"ముత్తాతల ర్యాకులో ఎంతమంది ఉన్నారు?"

"ఇంకా ఎవరూ లేరు."

"మరైతే నా వంతు ఎప్పుడొస్తుంది?"

"వరసలో వస్తుంది."

"నేను ఆగుతాను నాయనా. నా మతిమరుపు ఆగుతుందో లేదో చెప్పలేను," అని మేనత్త వెనక్కి వెళ్లిపోయింది. ఆ మాటకి టైలరమ్మ చేతిలో సూది ఆగింది. ఆయన మాత్రం అప్పటికే మేడ మీది గదికి నిచ్చెన వేసుకుంటున్నారు.

మేడ మీద ఒక అట్టపెట్టె ఉంది. ఆస్పత్రికి కంప్యూటర్లు వచ్చినప్పుడు పాత స్టాకు కార్డులు పారేయబోతే, లిఖితపూర్వకంగా అనుమతి తీసుకుని మరీ ఇంటికి తెచ్చుకున్నారాయన. ఏడొందల కార్డులు. నెత్తిన ఆస్పత్రి పేరు, కింద గడులు: వస్తువు, ఎక్కడి నుంచి వచ్చింది, వచ్చిన తేదీ, ర్యాకు, స్థితి, గడువు తేదీ, వాపసు. మనిషికో కార్డు వేస్తే వంశమంతా ఆ పెట్టెలో ఇమిడిపోతుంది. ఆ గడుల్ని చూస్తే నిజంగా ముచ్చటేసింది ఆయనకి.

పై తరాల వివరాలు తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటారేమోనని ఊళ్లో, పక్క ఊళ్లల్లో ఉన్న పదకొండు మంది బంధువులకి ఖాళీ కార్డులు పంపాలనుకున్నారు. ఎలా నింపాలో తెలియడానికి తన కార్డు తనే నింపి, దాని నకలు ఒక్కొక్కటి జతచేశారు. వస్తువు గడిలో తన పేరు. వచ్చిన తేదీ, పుట్టినరోజు. ర్యాకు దగ్గర, తన తరానికి 'బి' అక్షరం కేటాయించి, అన్నదమ్ముల బిడ్డల వరసలో తను పద్నాలుగోవాడు కాబట్టి బి-14 అని వేశారు. స్థితి గడిలో అబద్ధం రాయడం ఆయనకి చేతకాదు. "పాతది. ఎడమ మోకాలు దెబ్బతిన్నది. గుండె పరీక్షలో ఉంది" అని రాశారు. గడువు తేదీ దగ్గర కాసేపు ఆలోచించి, స్టోరులో ముద్ర చెరిగిన సరుకుకి రాసే మాటే రాశారు: "స్పష్టంగా లేదు. త్వరగా చూసుకోవాలి."

ఇదంతా ఏమిటో వివరిస్తూ రెండు పేజీల ఉత్తరం కూడా చక్కటి దస్తూరీతో పదకొండు ప్రతులు రాశారు. ఆ ఉత్తరం కార్డుతోపాటే కవరులో పెడితే ఈ కథ లేదు. కానీ స్టోరు నియమం ప్రకారం సరుకు వేరు, కాగితం వేరు. సరుకు బండిలో పోతుంది, కాగితం తపాలాలో పోతుంది. రెండూ కలిసి పోతే రెండూ కలిసే పోగొట్టుకుంటామని ముప్ఫై నాలుగేళ్లు కింది ఉద్యోగులకి చెప్పిన మనిషి, రిటైరయ్యాక మాట తప్పుతాడా? కార్డులు కొరియరుకి ఇచ్చి, ఉత్తరాలు తపాలా డబ్బాలో వేసి, ఫోను కట్టేసి మేడెక్కారు. స్టోరులో ఉండగా ఫోను పనిచేయకూడదన్నది ఇంకో నియమం.

కార్డులు మర్నాడే చేరాయి. ఉత్తరాలు తపాలా వారి తీరికని బట్టి బయల్దేరాయి.

మొదటి కార్డు అందుకున్నది చెల్లెలు. ఆస్పత్రి పేరు, అన్నయ్య పేరు, "గుండె పరీక్షలో ఉంది," "త్వరగా చూసుకోవాలి" అన్న మాటలు వరసగా చదివి ఆవిడ వెంటనే ఫోను అందుకుంది. అన్నయ్య ఫోను పలకలేదు. వదినకి చేసింది.

"వదినా, అన్నయ్య ఎలా ఉన్నాడు?"

టైలరమ్మకి రెండు రోజులుగా కడుపులో ఉన్నదంతా చెప్పుకోడానికి ఒక మనిషి దొరికింది. "ఏం చెప్పమంటావమ్మా! తిండి మీద ధ్యాస లేదు. పిలిస్తే పలకరు. రోజంతా పైకే చూస్తూ తాతగారి పేరూ ముత్తాత పేరూ గొణుక్కుంటున్నారు."

"అయ్యో! పోయినవాళ్లు కనిపిస్తున్నారా?"

"కనిపిస్తే బావుణ్ణు. ఒక్కరూ కనిపించట్లేదనే ఆయన బెంగ."

"డాక్టర్లు ఏమంటున్నారు వదినా?"

"అసలు ఇది అంటించిందే ఆ డాక్టరు! దీనికి మందు లేదులే. ఎప్పుడు బయటపడతారో ఏమో. నాకు బట్టలు ఇవ్వాల్సిన గడువు దగ్గరపడింది, ఉంటాను."

ఇంత కష్టంలోనూ కుట్టుపని చేసుకుంటూ కూర్చున్న వదిన గుండె ధైర్యానికి చెల్లెలు చేతులెత్తి దణ్ణం పెట్టింది. తర్వాత తమ్ముడికి ఫోను చేసింది.

తమ్ముడు డ్రైవింగు స్కూలు నడుపుతాడు. అతనికీ కార్డు చేరింది. అందులో ర్యాకు అన్న మాట కంటే బి-14 అన్న నంబరే అతని కంటికి పెద్దగా కనిపించింది. నేర్చుకుంటున్నవాణ్ణి మధ్యలోనే దింపేసి, చెల్లెల్ని, ఇద్దరు దూరపు చిన్నాన్నల్ని, ఒక పిన్నిని ఎక్కించుకుని, రెండు బ్రేకులున్న ఆ శిక్షణ కారులో పెద్దాస్పత్రికి బయల్దేరాడు. పక్క సీట్లో కూర్చున్న పెద్ద చిన్నాన్న కంగారులో తన వైపు బ్రేకు మీద కాలు తియ్యలేదు. కారు దారంతా దగ్గుతూనే వెళ్లింది.

"బి-14 ఎటండీ?" అని అడిగితే కౌంటరులో మనిషి తలెత్తకుండా, "రెండో అంతస్తు, ఎడమవైపు," అన్నాడు.

బి-14 మంచం మీద తల నుంచి గెడ్డం దాకా కట్టు కట్టిన మనిషి ఉన్నాడు. కళ్లు, ముక్కు తప్ప ఏమీ కనిపించడం లేదు. ఎడమ కాలు పైకెత్తి కట్టి ఉంది. ఎడమ మోకాలు అని కార్డులో రాసే ఉందాయె. ఇంకేం అనుమానం? చెల్లెలు మంచం మీద వాలిపోయి బావురుమంది.

నిజానికి అతను ఇళ్లకు రంగులు వేసే పెయింటరు. నిచ్చెన జారి పడితే దవడా, ఎడమ కాలూ విరిగాయి. ఊరుగాని ఊరు. ఆరు రోజులుగా అతన్ని పలకరించడానికి నర్సులు తప్ప ఎవరూ రాలేదు. దవడ కదపకూడదు కాబట్టి "నేను కాదు" అనడానికి లేదు. మొదట్లో చేతులు ఊపాడు. "ఊరుకో అన్నయ్యా, ఆయాసపడకు," అని తమ్ముడు ఆ రెండు చేతులూ పట్టుకుని పక్కనే కూర్చున్నాడు. కాసేపటికి పెయింటరు కూడా ఊరుకున్నాడు. ఆరు రోజుల తర్వాత ఒకళ్లు చెయ్యి పట్టుకుంటే, ఎవరికైనా వదిలించుకోబుద్ధి కాదు.

అక్కణ్ణుంచి ఆ మంచం చుట్టూ జనం పెరిగారు. కార్డు అందుకున్న ప్రతివాళ్లూ వచ్చారు. ఆపిల్ పళ్లు, గొట్టంతో తాగడానికి రసాలు, చదివి వినిపించడానికి పేపర్లు వచ్చాయి. వచ్చినవాళ్లు ఊరికే కూర్చోలేక స్టోరు అన్నయ్య గొప్పతనం తలుచుకున్నారు.

"మా పిల్లకి విషజ్వరం వచ్చినప్పుడు, ఆ ఇంజెక్షను కోసం మూడు ఊళ్లు ఫోన్లు చేసి తెప్పించాడు. ఆ సంగతి మాకు ఏడాది తర్వాత వేరేవాళ్లు చెబితే తెలిసింది," అంది పిన్ని.

"ఎవరికిచ్చినా వరసలోనే ఇచ్చేవాడు. నేను చిన్నాన్నని, నన్ను కూడా లైన్లో నిలబెట్టాడు. అప్పుడు కోపమొచ్చింది గానీ, నా ముందు నిలబడ్డ ముసలాయనకి మందు దొరికింది, అది నేను చూశాను," అన్నాడు పెద్ద చిన్నాన్న, కళ్లు తుడుచుకుంటూ.

స్టోర్‌కీపరు గారు మేడ మీద ఒంటరిగా కూర్చుని, ఒక్కరూ జవాబివ్వరేమిటని నొచ్చుకుంటున్న సమయంలో ఆయన్ని ఇంతగా మెచ్చుకుంటున్నారన్నమాట. అవన్నీ వినే భాగ్యం పెయింటరుకి దక్కింది. అతను రెండుసార్లు కళ్లు తుడుచుకున్నాడు కూడా.

ఆదివారం ఉదయం తమ్ముడికి మేనత్త గుర్తొచ్చింది. పాపం, పెద్దావిడ, చివరిచూపు అని కాదు గానీ చూడాలి కదా అనుకుని కారు వేసుకుని వచ్చాడు. వదిన బట్టలు ఇవ్వడానికి వెళ్లింది. అన్నయ్య తెల్లవారే మేడెక్కాడన్నది మేనత్తకీ తెలియదు, తమ్ముడికీ తెలియదు. వసారాలో కూర్చున్న మేనత్త చెవి దగ్గర వంగి, "అత్తా, బయల్దేరు. ఆస్పత్రికి వెళ్దాం. అన్నయ్య అక్కడ బి-14లో ఉన్నాడు," అన్నాడు.

మేనత్త మొహం విప్పారింది. ఆ నంబరు వారం రోజులుగా ఇంట్లో వింటున్నదే. "వచ్చిందీ నా వంతు! పాత స్టోరులో కూర్చున్నాడా రాసుకోడానికి? ఉండు, కళ్లజోడు తెచ్చుకుంటాను," అని ఇస్త్రీ బట్టలు కట్టుకుని, తల దువ్వుకుని, హుషారుగా కారెక్కింది. ఆవిడ ఉత్సాహం చూసి తమ్ముడికి దుఃఖం ఆగలేదు.

పదింటికి స్టోర్‌కీపరు గారు కిందకి దిగారు. ముత్తాతల ర్యాకు ఇంకా ఖాళీగానే ఉంది. సూత్రాన్ని ఒక్కసారి సడలించి, అత్తని ఓ మాట అడిగితే తప్పేమిటన్న ఆలోచన ఆయనకి అప్పుడే మొదటిసారి వచ్చింది. వెనకగదిలోకి వెళ్లి చూస్తే మంచం ఖాళీ. కర్ర లేదు. కళ్లజోడు లేదు. గుమ్మంలో పక్కింటాయన కనిపించి, "మీ తమ్ముడు పెద్దావిడని ఆస్పత్రికి తీసుకెళ్లాడండీ, కళ్లనీళ్లు పెట్టుకుంటూ. మీకు తెలియదా?" అన్నాడు.

తెలియదు. వారంలో మూడోసారి ఆయనకి తెలియలేదు.

చెప్పుల్లో కాళ్లు సరిగ్గా పెట్టకుండానే ఆటో ఎక్కారు. చేతిలో ఖాళీ కార్డుల కట్ట అలాగే ఉంది. దారి పొడుగునా ఒకటే మాట చెవిలో తిరిగింది: నేను ఆగుతాను నాయనా. ఆవిడ ఏడు రోజులు వరసగా నోరు తెరిచింది, తను ఏడు రోజులూ వరసగా మూయించాడు. ఇప్పుడు అడుగుదామంటే వినడానికి ఉంటుందో ఉండదో. ముప్ఫై నాలుగేళ్లలో ఒక్క సీసా పాడవనివ్వని తను, ఇంట్లో ఉన్న ఒకే ఒక్కదాన్ని చివరి వరసలో పెట్టి మర్చిపోయాడు. ఆటోలోనే ఆయనకి ఏడుపొచ్చింది.

రెండో అంతస్తులో మంచం చుట్టూ తన వాళ్లందరి వీపులూ కనిపించాయి. "అత్తా!" అని అరుస్తూ దూరారు.

చెల్లెలు తిరిగి చూసి కెవ్వుమంది. పెద్ద చిన్నాన్న గోడకి కరుచుకుపోయాడు. తమ్ముడు మంచం మీదకీ గుమ్మం వైపుకీ మార్చి మార్చి చూశాడు.

"అన్నయ్యా! నువ్వు ఇక్కడుంటే... ఈ అన్నయ్య ఎవరు?"

అప్పుడు గుంపు మధ్య నుంచి మేనత్త గొంతు తాపీగా వినిపించింది. స్టూలు మీద నిటారుగా కూర్చుని ఉంది, లక్షణంగా. పెయింటరు చెయ్యి ఆవిడ ఒళ్లో ఉంది.

"ఇతనా? ఇళ్లకి రంగులేస్తాడు. పెళ్లి కాలేదు. ఒక అక్క, ఆవిడకి ముగ్గురు పిల్లలు. తండ్రి లేడు, తండ్రీ రంగుల పనే. తాత పడవలు చేసే వడ్రంగి. ముత్తవ్వ తొంభై ఏళ్లు బతికింది. చివరిదాకా సూదిలో దారం ఎక్కించేదిట."

"నోరు తెరవలేని మనిషి ఇదంతా ఎప్పుడు చెప్పాడక్కా?" అన్నాడు పెద్ద చిన్నాన్న.

"నేను అడిగాను, అతను తలాడించాడు. ఎంతమందంటే వేళ్లు చూపించాడు. ముందు నీ సంగతి చెప్పు, తర్వాత మీ అమ్మ, తర్వాత వాళ్లమ్మ అంటూ పోతే ఇరవై నిమిషాల పని. ఎక్స్ఛేంజీలో రోజూ చేసిందే కదా. ఎవరు మాట్లాడుతున్నారో తేల్చుకోకుండా లైను ఎలా కలుపుతాం?"

"మన అన్నయ్య కాదని నీకు ముందే తెలుసా?" అన్నాడు తమ్ముడు.

"మనవాడి చేతులు నాకు తెలియవురా? రాగానే తెలిసింది. మీరెవరూ నన్ను అడగలేదు. అయినా మనిషిని చూడ్డానికి వచ్చి, వేరే మనిషి కదా అని లేచిపోతామా?"

నాలుగు రోజుల్లో పదకొండు మంది తేల్చలేనిదీ, ఏడు రోజుల్లో ఏడొందల కార్డులు తేల్చలేనిదీ ఈవిడ స్టూలు మీద నుంచి లేవకుండా తేల్చేసింది. స్టోర్‌కీపరు గారు మేనత్త కాళ్ల దగ్గర నేల మీదే కూర్చుండిపోయారు. ఆవిడంటే ఆయనకి మొదటినుంచీ ప్రేమే. ఇంత గౌరవం మాత్రం ఆ క్షణంలోనే కలిగింది.

"అత్తా, నీ వంతు వచ్చింది. మీ అమ్మ గురించి చెప్పు."

"ముందు నువ్వు. నాలుగేళ్ల వయసులో నువ్వు ఏం ఆడుకునేవాడివి?"

"అగ్గిపెట్టెలు. వరసగా పేర్చేవాణ్ణి."

"ఎవరు నేర్పారు?"

ఆయన ఆలోచించారు. "నువ్వే."

"నాకు మా అమ్మ నేర్పింది, ఖాళీ సీసాలతో. మా నాన్న నలభై ఒకటో ఏట డిస్పెన్సరీలోనే ఛాతీ పట్టుకుని కూలిపోయాడు. రాసుకో, నీ డాక్టరు అడిగాడన్నావుగా. అప్పటికి మేం నలుగురం పిల్లలం. మా అమ్మకి అక్షరం ముక్క రాదు. సీసాలు కడుగుతానని డిస్పెన్సరీలో చేరి, ఏడాది తిరిగేసరికి మందుల గదంతా తనే చూసుకునేది. చదవలేదు కాబట్టి, ప్రతి సీసా మెడకీ వచ్చిన నెలని బట్టి రంగు దారం కట్టేది. కొత్తవి వెనక్కి తోసి పాతవి ముందుకి లాగుతూ ఒకటే పాట. ముందు వచ్చింది ముందు పోవాలి. ఇరవై రెండేళ్లు చేసింది. ఒక్క రోగికీ పాడైన మందు వెళ్లలేదు."

స్టోర్‌కీపరు గారి చేతిలో పెన్ను ఆగిపోయింది. "ఆ మాట మాకు ట్రైనింగులో చెప్పారు అత్తా."

"వాళ్లు చెప్పేనాటికే నీకు వచ్చురా. నీ అగ్గిపెట్టెల దగ్గర నేను రోజూ అనేదాన్ని."

ఏ సూత్రాన్ని అడ్డం పెట్టుకుని నాయనమ్మని ఏడు రోజులు బయటే నిలబెట్టారో, ఆ సూత్రం నాయనమ్మదేనని తెలిశాక ఆయన దాచుకోకుండా ఏడ్చారు. తమ్ముడు ఏడ్చాడు. చెల్లెలు నాలుగు రోజులుగా ఏడుస్తూనే ఉంది కాబట్టి కొత్తగా మొదలుపెట్టాల్సిన పని లేకపోయింది.

"నాయనమ్మ ఎప్పుడు పోయింది?" అన్నారు కాసేపటికి.

"అరవయ్యో ఏట. నువ్వు పుట్టిన ఏడాదే."

"దేనివల్ల?"

"దేనివల్లా కాదు. ఇక చాల్లే అంది."

ఆయన అదే రాసుకున్నారు.

సోమవారం ఉదయం పదకొండు ఇళ్లకీ రెండు పేజీల ఉత్తరాలు చేరాయి. చక్కటి దస్తూరీని అందరూ మెచ్చుకున్నారు. ఆ సాయంత్రం స్టోర్‌కీపరు గారు పెట్టెలోని కార్డులన్నీ బయటికి తీసి, తన కార్డు అన్నిటికంటే ముందు పెట్టి, దాని వెనక మేనత్తది, దాని వెనక రంగు దారం కట్టిన నాయనమ్మది సర్దారు. టైలరమ్మ ఆ దారం తన డబ్బాలోంచి ఏరి ఇచ్చింది. "నేను ముందే చెప్పాను" అన్న మాట ఆవిడ నోటి దాకా వచ్చింది గానీ, నోట్లో గుండుసూదులు ఉన్నాయి.

పెయింటరు కట్టు విప్పాక నేరుగా వీళ్లింటికే వచ్చాడు, మేనత్తకి తన అక్క ఫొటో చూపించడానికి. అతనికీ ఒక కార్డు ఉంది. "ఎక్కడి నుంచి వచ్చింది" అన్న గడిలో "పొరపాటున" అనీ, "వాపసు" అన్న గడిలో "లేదు" అనీ రాసి ఉంది.